గాలి లేని టైర్లు

నోటీసు బోర్డు మీద మొట్టమొదట తన పేరే కనిపించేసరికి పెద్దక్కకు అరికాలి మంట నెత్తికెక్కింది.

పైన "వెనకబడుతున్నవారు" అని లావుపాటి అక్షరాలు. కింద మూడు పేర్లు, మూడూ ఆడవాళ్లవే, మూడూ నలభై దాటినవాళ్లవే. పేరు పక్కన నిమిషాలు. పెద్దక్కకు నలభై ఐదు, పొడుగమ్మకు నలభై నాలుగు, కళ్లజోడామెకు నలభై మూడు. అట్టడుగున ఒక వాక్యం: శుక్రవారం పరీక్ష, నలభై నిమిషాల్లో రౌండు పూర్తి చెయ్యలేనివారికి సోమవారం నుంచి రూటు ఉండదు.

రూటు ఉండదంటే ఉద్యోగం ఉండదని. ఆ ముక్క రాయడానికి కూడా దమ్ము లేని ఆఫీసు అది.

అది రక్తపరీక్షల ల్యాబు. క్లినిక్కుల నుంచి రక్తం గొట్టాలు పెట్టెలో పెట్టుకుని ల్యాబుకు చేర్చడం వీళ్ల పని. మొత్తం పదకొండు మంది. అందరికీ మడతపెట్టే చిన్న చక్రాల సైకిళ్లే. క్లినిక్కు ఒకటి ఐదో అంతస్తులో ఉంటే ఇంకోటి ఏడో అంతస్తులో ఉంటుంది. పెట్టెనూ సైకిలునూ కింద వదిలి పైకి పోకూడదని రూలు. మడిచి చంకన పెట్టుకుని లిఫ్టు ఎక్కాలి. అందుకే చిన్న చక్రాలు.

పెద్దక్క ఆ పనిలో చేరి తొమ్మిదేళ్లు. రౌండు ఏనాడూ ముప్పై ఆరు, ముప్పై ఏడు నిమిషాలు దాటలేదు. మూడు నెలల కిందట ఆఫీసువాళ్లకు జ్ఞానోదయమైంది. పంక్చర్ల వల్ల ఆలస్యమవుతోందట. అందుకని గాలి అక్కర్లేని టైర్లు తెప్పించి పదకొండు సైకిళ్లకూ బిగించారు. ట్యూబు లేదు, గాలి లేదు, లోపలంతా గట్టి రబ్బరే. మేకు దిగినా ఏం కాదు. నిజమే, బండరాయికి మాత్రం పంక్చర్ ఎక్కడిది? పంక్చర్లు సున్నా అయ్యాయని పైవాళ్లకు కాగితం పోయింది. పంక్చర్లు లెక్కపెట్టినవాడు మోకాళ్లు లెక్కపెట్టలేదు.

ఆ కాగితం పంపినవాడు సూపర్‌వైజరు. ముప్పై ఏళ్లుంటాయి, చొక్కా నలగదు. మనిషి మొహం చూసే ముందు చేతి గడియారం చూసుకుంటాడు కాబట్టి అందరూ అతన్ని గడియారం అంటారు, అతను వినకుండా.

పెద్దక్క నేరుగా అతని బల్ల దగ్గరికి పోయింది.

"సార్, శుక్రవారం పరీక్ష నాకా, టైర్లకా?"

అతను గడియారం చూసుకున్నాడు. "టైర్లు అందరికీ ఒకటేనమ్మా. ఎనిమిది మంది నలభైలోపే వస్తున్నారు కదా."

"ఆ ఎనిమిది మందికీ పాతికేళ్లు సార్. వాళ్ల మోకాళ్లూ ఏడుస్తున్నాయి. కాకపోతే వాటికింకా నోరు రాలేదు."

"ఆడలేక మద్దెల ఓడంటే ఎలాగమ్మా."

"మద్దెల నిజంగానే ఓడైతే ఏమనాలి సార్?"

పక్క బల్లవాళ్లు కంప్యూటర్లలోకి తలలు దూర్చి నవ్వుకున్నారు. గడియారానికి చెవులు ఎర్రబడ్డాయి.

"నా టైర్లు నేను వేసుకోవచ్చా?" అంది.

"మీ ఇష్టం. ఆఫీసుకు సంబంధం లేదు."

ఆ మాట పట్టుకుని ఆమె బావ కొట్టుకు పోయింది. అక్క మొగుడు. నలభై ఏళ్లుగా సైకిళ్లు బాగుచేస్తున్నాడు. గోళ్ల సందుల్లో గ్రీజు పుట్టుమచ్చల్లా స్థిరపడిపోయింది.

"ఏం మరదలా, సైకిలు ముడుచుకొచ్చావా, మొహం ముడుచుకొచ్చావా?"

"రెండూ. టైర్లు కావాలి బావా. తేలికైనవి, పరిగెత్తేవి. శుక్రవారానికి."

బావ ముందు చక్రం ఊడదీసి చేత్తో ఎత్తి చూశాడు. "ఇది టైరా, రోకలా? దీన్ని తిప్పడానికే సగం అన్నం అరిగిపోతుంది. చిన్న చక్రం పెద్ద చక్రం కంటే ఎక్కువ చుట్లు తిరగాలి. ఈ బరువు చుట్టుచుట్టుకూ నువ్వే లాగుతున్నావు."

"ఆ సంగతి నా మోకాళ్లు మూడు నెలల నుంచీ చెబుతూనే ఉన్నాయిలే."

మర్నాడు బావ టోకు బజారుకు పోయి ఇరవై అంగుళాల టైర్లు, సన్నవి, ఒక జత తెచ్చాడు. గాలి అక్కర్లేని టైరు రిమ్మును అంటుకుని ఊడి రాదు, కోసి తీయాలి. అందుకని బావ కొట్టులో ఉన్న పాత చక్రాల జతకు ఎక్కించబోయాడు. ఆ చక్రాలు వీళ్ల సైకిలుకు సరిపోయేవే. టైరు మాత్రం సరిపోలేదు. రిమ్ముకు, టైరుకు మధ్య రెండు వేళ్లు దూరేంత సందు. బావ దాన్ని ఇటు లాగి అటు లాగి, ఇది ఇరవయ్యే కదా అది ఇరవయ్యే కదా అని అరగంట దాన్ని బతిమాలాడు.

పెద్దక్క టైరు లాక్కుని అంచు వెలుతురుకు పెట్టి చూసింది. ఇరవై అనే పెద్ద అంకె కింద చీమ తలకాయంత అంకెలు, మిల్లీమీటర్లలో. నాలుగు వందల యాభై ఒకటి. రిమ్ము మీద చూస్తే నాలుగు వందల ఆరు. రెంటినీ ఇరవై అంగుళాలనే అంటారు. రెంటికీ పొత్తు కుదరదు.

"ఒకే పేరు పెట్టి రెండు కొలతలు అమ్ముతున్నారు. ఎవడి బుద్ధిరా ఇది," అంది పళ్లు కొరుకుతూ.

లోపలి నుంచి అక్క గొంతు వినిపించింది. "నలభై ఏళ్ల సర్వీసు. టైరు మీద రాసింది చదవడం రాలేదు."

"నువ్వు ఊరుకోవే. ఇరవై అని ఇంతలావు రాసుంది కదా."

"ఇంతలావు రాసింది ఎప్పుడూ అమ్మేవాడి కోసమే. నీకు కావలసింది సన్నగా ఉంటుంది."

ఒక రోజు మట్టిగొట్టుకుపోయింది. బుధవారం సాయంత్రానికి నాలుగు వందల ఆరు కొలతలో రెండు జతలు వచ్చాయి. ఒకటి వేలంత సన్నది. ఇంకోటి దానికన్నా కొంచెం వెడల్పు, కానీ పక్క గోడలు పల్చన. రెండు వేళ్లతో నొక్కితే చొక్కా గుడ్డలా మడతపడుతోంది. మీద గళ్లూ గరుకూ ఏమీ లేవు.

బావ కళ్లు సన్నదాని మీదే ఉన్నాయి. "ఇదీ గుర్రం. ఆ రెండోది లావు." సన్నవి ఎక్కించి, పంపు మీద ఒళ్లంతా వేసి కొట్టాడు. కొట్టి కొట్టి, గోరుతో టైరు మీద మీటాడు. టంగుమంది. "టైరు ఇలా మోగాలి. రాయిలా ఉంటేనే పరుగు."

"రాయి మీదే కదా బావా మూడు నెలల నుంచి తిరుగుతున్నాను."

"అది వేరు, ఇది వేరు. నన్ను నమ్ము."

"నేను ఎవర్నీ నమ్మను. చూస్తాను."

కొట్టు పక్కన రోడ్డు వంతెన మీద నుంచి దిగుతుంది. సగం దాకా నున్నగా ఉంటుంది. కింది సగం పైపుల కోసం తవ్వి, మట్టీ కంకరా పోసి, మీద ఇంత తారు పూసి పోయారు. ఊళ్లో ఆమె తిరిగే రోడ్లలో సగం అలాంటివే. పెద్దక్క ఒక సుద్దముక్క పట్టుకుంది. వంతెన పైనుంచి పెడలు తొక్కకుండా వదిలెయ్యాలి. ఎక్కడ ఆగితే అక్కడ గీత.

ఆఫీసు టైర్లతో తాళాలు చేసేవాడి కొట్టు ముందు ఆగింది. మోగే సన్న టైర్లతో నున్నటి సగంలో దూసుకొచ్చింది, కంకర మీదికి రాగానే సైకిలు ఎగిరెగిరి పడింది. దవడలు కొట్టుకున్నాయి. చేతుల్లో చీమలు పాకాయి. ఆగి చూస్తే తాళాల కొట్టు దాటింది నాలుగు అడుగులే.

"గుర్రం కాదు బావా, ఇది గాడిద. తన్నుతోంది."

"నువ్వు సరిగ్గా కూర్చోలేదు."

"చిన్న చక్రం సంగతి నీకు తెలీదు. పెద్ద చక్రం గుంత మీదుగా పోతుంది. చిన్న చక్రం గుంతలోకి దిగి ఎక్కుతుంది. టైరు లొంగకపోతే మనిషి లొంగాలి. ఎగిరిన ప్రతిసారీ ముందుకు పోవలసిన బలం పైకి పోతోంది." ఆమె వంగి గాలి వదిలింది. బుస్సుమంది. బావ తన ప్రాణమే పోతున్నట్టు చూశాడు.

గాలి తగ్గించాక సన్నవే దర్జీ కొట్టు ముందు దాకా పోయాయి. కానీ ఒక గుంతలో రిమ్ము నేలకు టక్కున తగిలింది. ఇంకా తగ్గిస్తే ట్యూబు నలిగి చిరుగుతుంది. అప్పుడు రెండో జత ఎక్కించింది. బొటనవేలితో నొక్కితే కొంచెం లోపలికి పోయేంత గాలి. వదిలింది. కంకర మీద సైకిలు గొణుక్కుందే కానీ ఎగరలేదు. తాళాల కొట్టు పోయింది, దర్జీ కొట్టు పోయింది, బట్టల ఇస్త్రీ కొట్టు అరుగు దగ్గర గీత పడింది.

తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లనే రకం బావ. అయినా ఆ గీతల మధ్య తన పాదాలతో రెండుసార్లు కొలుచుకుంటూ నడిచాడు. తిరిగొచ్చి స్టూలు మీద కూలబడ్డాడు.

"ఇన్నేళ్లూ రాయిలా కొట్టి కొట్టి ఎంతమంది నడుములు విరగ్గొట్టానో," అన్నాడు.

"అయిందేదో అయింది. ఇంకో పంపు కొట్టకు."

శుక్రవారం పది గంటలకు ఆఫీసు ముందు పెట్టెలు సిద్ధంగా ఉన్నాయి. వాటిలో రక్తం లేదు, నీళ్ల గొట్టాలు. మూడు క్లినిక్కులు ఎక్కి దిగి, ఒక్కో చోట సంతకం తీసుకుని తిరిగి రావాలి. ముందు వెళ్లేది పెద్దక్క. పాతికేళ్లవాళ్లు కొందరు రౌండ్ల మధ్య ఆగి చూస్తున్నారు. గడియారం చేతిలో ఇవాళ రెండో గడియారం కూడా ఉంది.

ఆమె తొక్కింది. ఏం చెప్పాలి, సైకిలు తన కిందే ఉందని మూడు నెలల తర్వాత ఆమెకు మళ్లీ గుర్తొచ్చింది. కాలు అడిగిందే తడవు చక్రం ఇచ్చేది. సిగ్నలు దగ్గర ఆగి బయల్దేరితే బండను లేపుతున్నట్టు లేదు. తిరిగొచ్చి పెట్టె దింపేసరికి ముప్పై మూడు నిమిషాలు.

ఒక్క క్షణం, ఒకే ఒక్క క్షణం ఆమెకు సంతోషమైంది.

గడియారం కూడా నవ్వాడు. అతను నవ్వితే చూడ్డానికి బాగానే ఉంటాడు, అదే తంటా. కలం తీసి నోటీసు మీద నలభై కొట్టేసి ముప్పై ఐదు అని రాశాడు.

"చూశారా. మనసు పెడితే ముప్పై మూడులో రావచ్చని ఈవిడే చూపించారు. సోమవారం నుంచి అందరికీ ముప్పై ఐదు. మంచి టైర్లు కావాలంటే ఎవరికి వాళ్లు కొనుక్కోవచ్చు, ఆఫీసు అడ్డం రాదు. తర్వాత ఎవరు?"

తర్వాత పొడుగమ్మ. ఆమె కదల్లేదు. పెద్దక్క వంక చూసింది. కోపంగా చూసినా బాగుండేది.

"ఎంత పని చేశావక్కా," అంది మెల్లిగా.

కొరివితో తల గోక్కోవడమంటే ఇదే. తనొక్కతే తప్పించుకుపోయే సందు వెతుక్కుంది, ఆ సందులోంచే పది మంది మెడకూ తాడు పడింది. బయట వాడెవడో చేసిన తప్పయితే తిట్టి ఊరుకోవచ్చు. ఇది తన చేత్తో సుద్దముక్క పట్టుకుని, గీతలు గీసి మరీ చేసుకున్న తప్పు. ఆమెకు ఒళ్లు మండింది, ముందు తన మీద, ఆ వెంటనే ఆ నవ్వు మీద.

"ఆగండి," అంది. "నేను మళ్లీ తొక్కుతాను. ఈ పొడుగమ్మ సైకిలు మీద. మీ టైర్ల మీద."

"అవసరం లేదమ్మా. మీరు పాసయ్యారు."

"మళ్లీ తొక్కుతానంటున్నాను. ఆ టైమే నాదని రాసుకోండి."

"ఆలోచించుకోండి. అదే లెక్కలోకి వస్తే, నలభై దాటితే..."

"దాటితే నాకు రూటు లేదు. చదువుకున్నాను ఆ వాక్యం."

పొడుగమ్మ సైకిలు సీటు జానెడు దింపి, నీళ్లు రెండు గుక్కలు తాగి ఎక్కింది. మొదటి తొక్కుకే తేడా తెలిసింది, కాళ్లకు ఎవరో ఇసుక మూటలు కట్టినట్టు. రెండో వీధి మలుపులో ఒక బుద్ధి పుట్టింది. నెమ్మదిగా పోతే సరి. నలభై ఎనిమిది చేసి చూపిస్తే టైర్ల బండారం బయటపడుతుంది. ఎవరికి తెలుస్తుంది?

తనకు తెలుస్తుంది. అతని అబద్ధం కింద తన అబద్ధం పెడితే, రేపు ఎవడైనా ఒక్క తన్ను తన్నితే రెండూ కలిసి కూలతాయి. కాబట్టి ఉన్న బలమంతా పెట్టాలి. అక్కడే అసలు భయం మొదలైంది. కోపంలో మనిషికి ఎక్కడ లేని బలమూ వస్తుంది. ఈ మంటలో తొక్కి తొక్కి ముప్పై తొమ్మిదిలో పోయి నిలబడితే? వాళ్ల టైర్లు బాగానే ఉన్నాయని తన కాళ్లే సాక్ష్యం చెబుతాయి. తొక్కకపోతే దొంగ, బాగా తొక్కితే ద్రోహి. ఈ పరీక్ష పెట్టినవాడికి ఇంత ఆలోచన ఉండి ఉండదు, గోతులు తవ్వేవాళ్లకు లోతు తెలియదు.

తొక్కింది. వంతెన ఎక్కేటప్పుడు సీటు మీద నుంచి లేచి నిలబడి తొక్కింది. తవ్వి పూడ్చిన రోడ్డు మీద పెట్టెలో గొట్టాలు పళ్లు నూరాయి. ఏడో అంతస్తు లిఫ్టులో గోడకు ఆనుకుంటే తొడలు వాటంతటవే వణికాయి. లోపలున్న నర్సు "కూర్చోండమ్మా" అంటే "సంతకం పెట్టు తల్లీ, కూర్చుంటే లేవను" అంది. చివరి మలుపులో కళ్లల్లోకి చెమట దిగి రోడ్డు రెండైంది. ఏ రోడ్డు నిజమో చూసుకోకుండా తొక్కింది.

గడియారం రెండు గడియారాలూ చూశాడు. "నలభై రెండు."

పెద్దక్క హాండిలు మీద తల ఆనించి ఊపిరి తీసుకుంటోంది.

"మొదటిసారి అలసిపోయారు కదా," అన్నాడు. అది న్యాయమైన మాటే. అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. ఆగలేదు. "పైగా... కావాలని కూడా నెమ్మదిగా రావచ్చు. నేను అన్నానని కాదు."

పెద్దక్క తలెత్తింది. ఆమె ఇక సార్ అనలేదు.

"బాబూ, నీకెన్నేళ్లు?"

"ఎందుకు?"

"ముప్పై. రోజూ పొద్దున జిమ్ముకు పోతావు, ఆ సంగతి నువ్వే చెబుతావు. అలిసిపోలేదు. కావాలని నెమ్మదిగా రావలసిన పని నీకు లేదు." సైకిలు అతని వైపు తోసింది. "నువ్వు తొక్కు."

"నాకు వేరే పనులున్నాయి."

"మా పనులు ఆపించి పరీక్ష పెట్టావు కదా," అంది పొడుగమ్మ. "నలభై నిమిషాలే. మనసు పెడితే ముప్పై మూడు."

కళ్లజోడామె పకాలుమంది. పాతికేళ్లవాళ్లలో ఒకడు వచ్చి సీటు పైకి లేపి బిగించాడు. ఇంకొకడు పెట్టె వెనక కట్టాడు. ఇప్పటిదాకా వాళ్లు ఎటూ కాని చూపులు చూస్తున్నారు. ముప్పై ఐదు అన్న అంకె పడ్డాక వాళ్ల మోకాళ్లకూ నోరొచ్చింది. కిటికీల్లోంచి ల్యాబువాళ్లు తొంగిచూస్తున్నారు. గడియారానికి పారిపోయే దారి కనిపించలేదు. చొక్కా చేతులు మడిచి ఎక్కాడు.

అతను మలుపు తిరిగాక పెద్దక్క మెట్ల మీద కూలబడింది. పొడుగమ్మ వచ్చి పక్కన కూర్చుని ఆమె పిక్కలు పిసికింది.

"వాడు ముప్పై ఎనిమిదిలో వస్తే ఏంటక్కా?"

"వస్తే మనం ముగ్గురం పోతాం. నేను మీ ఇద్దరి చెప్పుదెబ్బలూ తిని పోతాను."

"చెప్పులు కొత్తవి. నీ కోసం అరగదియ్యను."

ముప్పై ఎనిమిది దాటింది. నలభై దాటింది. అందరూ మలుపు వైపే చూస్తున్నారు. నలభై మూడు. పాతికేళ్లవాడు చేతి గడియారం చూసి గట్టిగా చదవడం మొదలుపెట్టాడు. నలభై ఆరు అంటుండగా సైకిలు కనిపించింది. దాని మీద కూర్చున్నది గడియారమేనా అని ఒకసారి చూడాల్సొచ్చింది. చొక్కా ఒంటికి అంటుకుపోయింది, నోరు తెరుచుకుని ఉంది, ముందు చక్రం ఇటూ అటూ దారి వెతుక్కుంటోంది. దిగబోతే కాలు నిలవలేదు. సైకిలు అతని చేతిలోంచి జారి పక్కకు పడింది. అతను గోడ పట్టుకున్నాడు.

నవ్వుదామని చాలామంది సిద్ధంగా ఉన్నారు. పెద్దక్క చెయ్యెత్తి ఆపింది. ఆమెకు నవ్వు రాలేదు. ఆమెకున్న కోపానికి ఆ మాత్రం ముచ్చట చాలదు.

"కావాలని నెమ్మదిగా వచ్చావా?" అంది.

అతను తల అడ్డంగా ఊపాడు. చొక్కా అంచుతో మొహం తుడుచుకున్నాడు.

"ఆ మీ టైర్లు... అవెక్కడ దొరుకుతాయి?"

"చెబుతాను. పదకొండు జతలు, మూడు కాదు. ఆఫీసు కొనాలి, మేం కాదు."

"పైన అడగాలి."

"అడుగు. ఇక్కడే అడుగు. మేం వింటూ నిలబడతాం."

"లోపల శాంపిళ్లు ఎదురుచూస్తున్నాయి, క్లినిక్కుల నుంచి ఫోన్లు..."

"అందుకే త్వరగా అడుగు."

రౌండ్ల నుంచి తిరిగొచ్చినవాళ్లతో కలిపి పదకొండు మందీ నిలబడ్డారు. ఒక్కరూ సైకిలు ముట్టుకోలేదు. లోపల ఆఫీసు ఫోను మోగి మోగి ఆగింది, మళ్లీ మోగింది. గడియారం జేబులోంచి ఫోను తీశాడు. చెమట వేలికి తెర పలకలేదు. ప్యాంటుకు తుడుచుకుని మళ్లీ నొక్కాడు. గోడ నీడలో నీళ్ల సీసా ఉంది. ఎవరూ అందించలేదు.

"సార్, నేనే సార్. ఆ టెస్టు... కాదు సార్, ముగ్గురి గురించి కాదు." అవతలి గొంతు ఏదో గట్టిగా అంటోంది, బయటికి వినిపిస్తోంది కానీ మాటలు తెలియడం లేదు. అతను కళ్లు మూసుకున్నాడు. "కాళ్లు కాదు సార్. టైర్లు. అవును సార్, మనం వేయించినవే." కొంచెంసేపు విన్నాడు. "లేదు సార్, వాళ్లెవరూ చెప్పలేదు. నేనే తొక్కి చూశాను."